స్లాట్ గేమ్‌ల కంపెనీలో ఆఫర్ వచ్చింది, చేరమంటారా?

ప్రశ్న: సార్, మాది సూర్యాపేట. ఈ ఏడాదే బీటెక్ సీఎస్‌ఈ అయిపోయింది. హైదరాబాద్‌లో ఒక గేమ్ స్టూడియో ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌గా 5.4 లక్షల ప్యాకేజీ ఇస్తామంది. యూరప్‌లోని ఆన్‌లైన్ క్యాసినోలకు స్లాట్ గేమ్‌లు (స్పిన్ నొక్కితే బొమ్మల చక్రాలు తిరిగే డబ్బు పందెం ఆటలు) చేసిపెట్టే కంపెనీ. రెండేళ్లు మానేయకూడదన్న బాండ్ ఉంది. అమ్మ 'జూదం కంపెనీ' అంటోంది, నాన్న నీ ఇష్టం అంటున్నారు. టెక్నాలజీ మాత్రం నాకు బాగా నచ్చింది. చేరమంటారా?

జవాబు: మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమనుకోకు. టెక్నాలజీ నచ్చిందన్నావు, అందులో తప్పేం లేదు. బ్రౌజర్‌లో నడిచే పనుల్లో కష్టమైనవాటిలో ఇదొకటి. ఒకప్పుడు ఆన్‌లైన్ క్యాసినో ఆడాలంటే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ దించుకోవాలి. తర్వాత బ్రౌజర్‌లోనే ఆటలు నడిపే ఫ్లాష్ వచ్చింది, కానీ అది ఐఫోన్‌లో నడవనే నడవదు. 2014లో వెబ్ పేజీలు రాసే భాషకు కొత్త రూపమైన హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణంగా ఖరారైంది, 2020 డిసెంబరు 31తో అడోబీ ఫ్లాష్‌కు సెలవిచ్చేసింది, ఈ మధ్యలో చాలా కంపెనీలు కూర్చుని పాత ఆటల్ని మళ్లీ మొదట్నుంచి రాసుకున్నాయి. ఇప్పుడు ఇన్‌స్టాల్ గొడవే లేదు, లింక్ నొక్కితే ఆట వచ్చేస్తుంది, బస్సులోనైనా, రాత్రి రెండింటికి దుప్పటి కింద అయినా. బొమ్మలు గీసేది బ్రౌజర్‌లోనే ఉండే కాన్వాస్, వెబ్‌జీఎల్ అనే సాధనాలు. వాటి మీద పిక్సీ జేఎస్ లాంటి లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్), మన కోడ్ ఎక్కువగా టైప్‌స్క్రిప్ట్ అనే భాషలో. మామూలు ఫోన్‌లో కూడా బొమ్మల కదలిక తడబడకుండా, డేటా ఎక్కువ తినకుండా, నాలుగు క్షణాల్లో లోడ్ అయ్యేలా చేయడమంటే నీ బీటెక్ సిలబస్‌లో ఎవరూ నేర్పని విద్యే. ఆట తెరవగానే 'కొనసాగడానికి తాకండి' అని ఒక స్క్రీన్ వస్తుంది చూడు, అది అందం కోసం పెట్టింది కాదు, వేలు తగలనిదే బ్రౌజర్ శబ్దం రానివ్వదు, అందుకు.

సరే, ఇక అసలు సంగతికి వస్తా. నా దగ్గర చదివిన కుర్రాడొకడు ఇదే పనిలో ఉన్నాడు. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌లో ఒక ఆట డెమో తెరిచి, పక్కన బ్రౌజర్‌కు, సర్వర్‌కు మధ్య ఏం నడుస్తోందో చూపించే నెట్‌వర్క్ ట్యాబ్ కూడా తెరిచి పెట్టి, స్పిన్ నొక్కాడు. ఒకే ఒక్క రిక్వెస్టు సర్వర్‌కు వెళ్లింది, కనురెప్ప వేసేలోపు నాలుగైదు లైన్ల జవాబు తిరిగొచ్చింది. ఏ చక్రం ఏ బొమ్మ దగ్గర ఆగాలి, ఎంత వచ్చింది, బ్యాలెన్స్ ఎంత, అంతా అందులోనే ఉంది. ఇటు తెర మీద చక్రాలు ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి, రెండు ఆగిపోయాయి, మూడోది నెమ్మదిస్తోంది, డప్పుల మోత పెరుగుతోంది, ఊరిస్తోంది. "పెళ్లి ఎప్పుడో అయిపోయింది సార్, ఇదంతా బరాత్" అన్నాడు వాడు.

నీకు ఇస్తామంటున్నది ఆ బరాత్ పని. గెలుపోటములు తేల్చే ర్యాండమ్ నంబర్ జనరేటర్ (ఎవరూ ఊహించలేని అంకెలు తీసే ప్రోగ్రాం) సర్వర్‌లో ఉంటుంది, దాన్ని పరీక్షించే ల్యాబులు వేరే ఉంటాయి. పందేల డబ్బులో ఎంత శాతం ఆటగాళ్లకు తిరిగి ఇవ్వాలన్న లెక్క వేసేది మ్యాథ్స్ టీమ్. ఫ్రంట్ ఎండ్ వాళ్ల చేతిలో ఉండేది ఆటగాడి కంటికి, చెవికి, వేలికి అందేది. ఇదేదో చిన్న పని అనుకునేవు. లెక్క చూడు: 96 శాతం తిరిగిచ్చే ఆటలో పందెం పది రూపాయలైతే సగటున పోయేది నలభై పైసలే. కానీ రెండున్నర సెకన్లకో స్పిన్ చొప్పున గంటకు 1,440 స్పిన్‌లు, అంటే 14,400 రూపాయల పందెం, సగటున 576 రూపాయలు గల్లంతు. అదే ఐదు సెకన్లకో స్పిన్ అయితే 288. శాతం మారలేదు, ఆట నియమం మారలేదు, యానిమేషన్ నిడివి మారిందంతే. ఆ నిడివి రాసేది నువ్వు.

ఇంకొకటి ఉంది, నాకైతే ఇదే ఎక్కువ గుచ్చుకుంటుంది. పది పెడితే నాలుగు తిరిగొచ్చింది, అంటే ఆరు పోయాయి. తెర మీద మాత్రం నాణేలు రాలతాయి, గంటలు మోగుతాయి, 'గెలిచారు' అని అక్షరాలు మెరుస్తాయి. ఓడినవాడికి సన్మానం! బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్ 2021 అక్టోబరు నుంచి స్లాట్ ఆటల్లో దీన్ని నిషేధించింది. వేలు పెట్టకుండానే వరసగా స్పిన్‌లు తిరిగే ఆటోప్లే తీసేయమంది, స్పిన్‌కు కనీసం రెండున్నర సెకన్లు పట్టాలంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో స్పిన్ పందెం 5 పౌండ్లు దాటకూడదు, మే నుంచి పాతికేళ్లలోపు వాళ్లకైతే 2 పౌండ్లే. కంపెనీలు వీటికోసం ఆటను రెండోసారి రాయవు, సెట్టింగులు ఉండే కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ దేశానికి ఆటోప్లే ఫాల్స్, అంటే వద్దు, అని పెట్టుకుంటాయి. నియమం లేని చోట అదే ట్రూ. ఒకే ఆట, ఒకే కోడ్, ఒక దేశం వాడికి బ్రేకులతో, ఇంకో దేశం వాడికి బ్రేకుల్లేకుండా వెళ్తుంది. కాబట్టి హెచ్‌ఆర్‌ను ప్యాకేజీ బ్రేకప్ ఒక్కటే అడిగి వదిలేయకు. ఏ దేశాల లైసెన్స్ ఉన్న క్యాసినోలకు ఆటలు ఇస్తున్నారో, లైసెన్స్ లేని సైట్లకు ఇస్తున్నారో లేదో మెయిల్‌లో అడుగు. నోటి మాట వద్దు.

విమానం పైకి పోతుంటే అది పేలిపోయేలోపు డబ్బు తీసుకోవాలనే ఆటలు కూడా ఈ స్టూడియోల్లో చేస్తుంటారు. అక్కడ వెబ్‌సాకెట్ (సర్వర్‌తో తెగకుండా ఉండే కనెక్షన్), నిజం మనిషి కెమెరా ముందు పేకలు పంచే లైవ్ డీలర్ ఆటలకు వెబ్‌ఆర్‌టీసీ (బ్రౌజర్‌లో వీడియో అప్పటికప్పుడు పంపే పద్ధతి). విమానం ఎక్కడ పేలుతుందో అది ఎగరకముందే ఖరారై ఉంటుంది, మధ్యలో మార్చలేదని నిరూపించడానికి హ్యాష్ (సీలు వేసిన కవరు లాంటి కోడ్) చూపిస్తారు. ఆ నిరూపణ నిజమైనదే, కానీ మార్చలేదన్నంత మాత్రాన ఆటగాడికి లాభం రాదు, కంపెనీ వాటా కూడా ముందే ఖరారై ఉంటుంది మరి.

ఇక మన దగ్గర చట్టం. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అలాంటి ఆటను జనానికి అందిస్తే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, ప్రకటనలు ఇచ్చినా రెండేళ్ల వరకు జైలు. ఆడేవాళ్లకు శిక్ష లేదు. బయటి దేశం నుంచి నడుపుతూ మన వాళ్లకు అందే ఆటలకూ ఇది వర్తిస్తుంది. అందుకే మీ కంపెనీ ఆటలు ఇండియాలో తెరుచుకుంటాయా లేదా అన్నది నీకు చాలా ముఖ్యం. ఆ ఆగస్టులో పెద్ద పెద్ద కంపెనీలే రోజుల వ్యవధిలో డబ్బు ఆటలు ఆపేశాయి, చాలామంది ఇంజినీర్లు రోడ్డున పడ్డారు. వాళ్లకు పని రాక కాదు.

నా మాట అడిగావు కాబట్టి చెప్తున్నా, రెండేళ్ల బాండ్‌తో అయితే వద్దు. నీతి సంగతి మీ అమ్మగారు చెప్పారు, ఆవిడ మాట తేలిగ్గా తీసెయ్యకు, కానీ నా కారణం వేరు. ఈ రంగంలో మొదటి ఆరు నెలలు బ్రహ్మాండంగా నేర్చుకుంటావు, ఆ తర్వాత చాలా చోట్ల జరిగేది అదే ఆటకు చొక్కా మార్చడం. ఈ నెల ఈజిప్టు పిరమిడ్లు, వచ్చే నెల పండ్ల బుట్ట, లోపల ఇంజిన్ అదే. ఆరు నెలల చదువుకు రెండేళ్లు రాసివ్వడం ఫ్రెషర్‌కు గిట్టుబాటు బేరం కాదు. బాండ్ తీసేసి, లైసెన్స్ సంగతి రాతపూర్వకంగా ఇస్తే అప్పుడు ఇంట్లో కూర్చుని మళ్లీ ఆలోచించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరడిగినా ఇవ్వొద్దు.

నీకు నచ్చిన పని ఇంకెక్కడా లేదనుకోకు. అదే పిక్సీ జేఎస్‌తో పిల్లల పాఠాల యాప్‌లు, మామూలు క్యాజువల్ గేమ్‌లు, ఆడి చూసే ప్రకటనలు చేసే స్టూడియోలు ఉన్నాయి. వెబ్‌సాకెట్ వస్తే షేర్ల ట్రేడింగ్ యాప్‌ల వాళ్లు పిలుస్తారు, వెబ్‌ఆర్‌టీసీ వస్తే ఆన్‌లైన్‌లో డాక్టర్‌తో మాట్లాడించే యాప్‌ల వాళ్లు. ఇంటర్వ్యూకు ఏదో ఒక చిన్న ఆట చేసి చూపించే ఉంటావు కదా, దాన్ని పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, ఇంట్లో అమ్మ వాడేదైనా సరే, తెరిచి చూడు. నాలుగు క్షణాల్లో రాకపోతే బొమ్మలన్నీ ఒకే ఫైల్‌లోకి సర్ది, శబ్దాల సైజు తగ్గించు, ముందెంత ఉండేది ఇప్పుడెంత అయింది అన్నది రెజ్యూమెలో ఒక లైన్ రాసి ఇలాంటి కంపెనీలు ఓ పదిహేనింటికి పంపు. ఈ ఆఫర్‌కు జవాబు చెప్పడానికి పది రోజులు గడువు అడుగు.