నా ఓటు లెక్కలో పడిందని, రహస్యం పోకుండా, తెలుసుకోగలనా?

వీవీప్యాట్ స్లిప్పు 7 సెకన్లు కనిపించి డబ్బాలో పడిపోయింది, తర్వాత దాని సంగతేంటి, క్రిప్టోగ్రఫీతో, అంటే సమాచారాన్ని గణితంతో దాచే విద్యతో, ఏమైనా చెయ్యొచ్చా అని రాజోలు నుంచి అడిగారు. చెయ్యొచ్చండి.

అలాంటి పద్ధతిలో మిషన్ మీ ఓటును ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే ఎవరూ చదవలేని రూపంలోకి మార్చి, ఒక కోడ్ ఉన్న రసీదు ఇస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయిన ఓట్లన్నీ బహిరంగంగా పెడతారు కాబట్టి ఇంటికెళ్లి మీ కోడ్ అందులో ఉందో లేదో చూసుకోవచ్చు. ఎవరికి వేశారో మాత్రం ఆ రసీదు చెప్పదు. చెబితే ఇంకేముంది, ముందురోజు రాత్రి కవర్లు పంచినవాడు పొద్దున్నే రసీదు చూపించమని మన అరుగు మీదే కూర్చుంటాడు.

లెక్కింపులో విడి ఓట్లను విప్పరు. హోమోమార్ఫిక్ పద్ధతిలో వాటిని అలాగే కూడి, మొత్తాన్ని మాత్రమే విప్పి, సరిగ్గానే విప్పామని గణిత రుజువు కూడా పెడతారు, దాన్ని ఎవరైనా సరిచూడొచ్చు.

మరి మీరు ఒకటి నొక్కితే మిషన్ ఇంకోటి ఎన్‌క్రిప్ట్ చేస్తే? నాకు బాగా నచ్చిన కిటుకు ఇక్కడే ఉంది. ఖరారు చేసేముందు "ఇది విప్పి చూపించు" అనొచ్చు. ఆ ఓటు రద్దవుతుంది, మళ్లీ వేస్తారు. ఎవరు ఎప్పుడు అడుగుతారో మిషన్‌కి తెలీదు, అందుకే చాలామంది దగ్గర మోసం చేస్తే దొరికిపోతుంది. దీన్ని బెనాలో ఛాలెంజ్ అంటారు.

చిక్కంతా కీల దగ్గరే, అంటే ఆ మొత్తాన్ని విప్పే రహస్య తాళంచెవుల దగ్గరే. 2025లో అంతర్జాతీయ క్రిప్టాలజీ పరిశోధకుల సంఘం హీలియోస్ అనే సిస్టమ్‌తో ఎన్నిక పెట్టింది. ముగ్గురి కీలూ ఉంటేనే ఫలితం తెరుచుకుంటుంది, ఒకరు తన కీ పోగొట్టుకున్నారు, దాంతో మళ్లీ ఎన్నిక! ఆ తర్వాత ముగ్గురిలో ఇద్దరి కీలు చాలన్నారు.