సోరియాసిస్‌కి రాసిన విటమిన్ డి ఆయింట్‌మెంట్ పనిచేయట్లేదని మానేయొచ్చా?

మోచేతులు, మోకాళ్ల మీద ప్యాచ్‌లకి డాక్టర్ కాల్సిపోట్రియోల్ ఆయింట్‌మెంట్ రాశారు, రెండు వారాలు కావస్తున్నా తేడా లేదు, పైగా మంట, మానేసి మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ క్రీమ్ రాసుకోనా, లేక విటమిన్ డి మాత్రలు వేసుకుంటే సరిపోతుందా అని అడిగారు. మానకండి. నేను ఇదే మందు కొన్నేళ్లుగా వాడుతున్నాను. రెండు వారాలకి అది అప్పుడప్పుడే పని మొదలుపెడుతుంది, పూర్తి ఫలితం తెలియాలంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు.

మామూలు చర్మంలో అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి దాదాపు నెల పడితే, సోరియాసిస్ ఉన్నచోట అదంతా కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది, అందుకే పొట్టు పొరలుపొరలుగా పేరుకుంటుంది. ఈ మందు ఆ వేగాన్ని తగ్గిస్తుంది. వేగం తగ్గాక పాత పొరలు పోవాలి కదా, ఆలస్యం అక్కడే. 1985లో జపాన్‌లోని ఒసాకాలో ఎముకల జబ్బుకి విటమిన్ డి రకం మందు మింగుతున్న ఒక పేషెంట్‌కి సోరియాసిస్ కూడా తగ్గిపోయిందని డాక్టర్లు రాశారు, ఈ ఆయింట్‌మెంట్ల ఆలోచన అలా ఊపందుకుంది. అలాగని మాత్రలు దీనికి బదులు కావు, ఎక్కువ డోసులో మింగితే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది.

నాకు మొదట తగ్గింది ఎరుపు కాదు, పొట్టు. పొద్దున్నే దుప్పటి దులిపితే రాలేది సగానికి సగం తగ్గింది. ప్యాచ్ అంచు వేలితో తడిమితే చిన్న గట్టులా తగిలేది, అది మెల్లగా అరిగి పక్క చర్మంతో సమానమైంది. ఎరుపు ఆ తర్వాత ఎప్పటికో పోయింది, పోయాక అక్కడ నల్లటి మచ్చ మిగిలింది, మనలాంటి చర్మానికి అది మామూలే, అది జబ్బు కాదు, దాని మీద మందు రుద్దాల్సిన పనీ లేదు. కాబట్టి మీరు కూడా రంగు చూసి బెంగపడకండి, తడిమి చూడండి.

స్నానమయ్యాక పొట్టు మెత్తబడ్డప్పుడు రాయండి, ప్యాచ్ మీదే రాయండి. గోళ్లతో మాత్రం గీకొద్దు, గీరుకున్నచోట కొత్త ప్యాచ్ లేస్తుంది. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోండి, అదే చేత్తో కళ్లు నలుపుకుంటే రెప్పలు భగ్గుమంటాయి. ముఖానికి వద్దు. కొద్దిపాటి మంట చాలామందికి ఉంటుంది, నాకు మా డాక్టర్ కొన్నాళ్లు రోజుకి ఒకసారికి తగ్గించి మళ్లీ రెండుసార్లకి తెచ్చారు, మీరూ ఫోన్ చేసి అడగండి. చుట్టూ ఎర్రబడి రసి కారితే ఆగకుండా వెళ్లి చూపించండి. ఇంకో ముఖ్యమైన సంగతి, పొట్టు పోవడానికని ఇచ్చే చాలా క్రీముల్లో సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది, అది తగిలితే కాల్సిపోట్రియోల్ పనిచేయకుండా పోతుంది, రెండూ కలిపి రాయొద్దు. పెద్దవాళ్లకి వారానికి 100 గ్రాములు దాటకూడదు. కిడ్నీలో రాళ్లున్నా, కాల్షియం మాత్రలు వాడుతున్నా, గర్భంతో ఉన్నా ముందే డాక్టర్‌కి చెప్పాలి.

ఇక షాపువాళ్ల స్టెరాయిడ్ క్రీమ్ సంగతి. నాలుగు రోజుల్లో నున్నగా అయిపోతుంది, అందుకే జనం దాన్ని నమ్ముతారు, నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, ఒక్కసారిగా ఆపితే జబ్బు ముందుకన్నా ఎక్కువగా తిరగబెట్టొచ్చు. స్టెరాయిడ్ అసలే పనికిరాదని కాదు, కాల్సిపోట్రియోల్, బీటామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ ఉంది, మంట తగ్గి త్వరగా గుణం కనిపించడానికి దాన్ని కొన్ని వారాలు రాస్తారు. అది మీకు సరిపోతుందేమో డాక్టర్‌నే అడగండి, షాపులో కాదు.

పొద్దున లేవగానే వేళ్ల కీళ్లు బిగుసుకుపోవడం, గోళ్ల మీద సూదితో గుచ్చినట్టు గుంటలు ఉంటే అదీ ఈసారి వెళ్లినప్పుడు చెప్పండి, కీళ్లకి పాకిన సోరియాసిస్‌ని ఈ ఆయింట్‌మెంట్ ఏమీ చేయలేదు, దానికి వేరే మందులు కావాలి.