బార్ నిండింది, వీడియో మాత్రం ఇంకా ర్యామ్‌లోనే ఉంది

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక ఫోటో స్టూడియో యజమాని రాశారు: “గురువుగారూ, మావి ఎక్కువగా పెళ్లిళ్ల పనులు. మిషన్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, ఈమధ్యే లినక్స్ వేయించాను. వీడియో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ పెడితే మొదట పరుగెడుతుంది, తర్వాత మిషనంతా బిగుసుకుపోతుంది. ఎలాగో కాపీ బార్ నిండుతుంది. బస్సు టైమ్ అయిపోతోందని పార్టీవాళ్లు డ్రైవ్ పీక్కుని వెళ్లిపోతారు. మర్నాడు పార్వతీపురం నుంచి ఫోన్, తలంబ్రాల దగ్గర వీడియో ఆగిపోతోందని. ఒక వీడియోలో చెప్పినట్టు మ్యాక్స్ సెక్టార్స్ 32,768కి, డర్టీ రేషియో 80కి పెంచాను, ఐఓఎంఎంయూ ఆపేశాను. అయినా అంతే. ఇంకేం పెంచాలి?”

ఏమీ పెంచకండి. పెంచినవి కూడా తగ్గించాలి. జయపురం, గునుపురం, పర్లాకిమిడి నుంచి కూడా నాకు ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది. అందరిదీ ఒకే పొరపాటు. మెమరీ ఎక్కువ ఇస్తే డ్రైవ్ వేగంగా రాస్తుందనుకుంటున్నారు. డ్రైవ్ రాసే వేగం దాని చిప్‌లది. మీరిచ్చే మెమరీ వల్ల పెరిగేది క్యూ ఒక్కటే.

కాపీ చేసిన డేటా ముందు ర్యామ్‌లో పడుతుంది. అక్కడి నుంచి డ్రైవ్‌కి ఇంకా చేరని మెమరీ ముక్కలను డర్టీ పేజీలంటారు. అవి ఎంతదాకా పేరుకోవచ్చో చెప్పే హద్దే డర్టీ రేషియో. అది మామూలుగా 20 ఉంటుంది, అంటే వాడుకోవడానికి వీలున్న మెమరీలో 20 శాతం. మీ మిషన్‌లో అది సుమారు 3 జీబీ. సెకనుకి 10 ఎంబీ రాసే చవక పెన్‌డ్రైవ్‌కి అంత దించుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మీరు దాన్ని 80 చేశారు. ఇప్పుడు 12 జీబీ దాకా ర్యామ్‌లో పేరుకుపోవచ్చు, అంటే ఇరవై నిమిషాలు. బార్ నిండాక కూడా అంతసేపు డ్రైవ్ కదపకూడదన్నమాట. ఆ సంగతి పార్టీవాళ్లకి ఎవరు చెప్పారు? మీ స్క్రీన్ చెప్పలేదు. నా కోపమంతా దానిమీదే. డేటా ఎక్కడుందో సిస్టమ్‌కి తెలుసు. తెలిసీ “పూర్తయింది” అని చూపించడం ఆ బార్ తయారుచేసినవాళ్ల తప్పు, బస్సుకి పరుగెత్తే పెళ్లివారిది కాదు. విండోస్ 2018 చివరి వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకి ఈ దాపరికాన్ని డీఫాల్ట్‌గా తగ్గించింది, అది మంచి పని.

మీరు రేషియోని వదిలేసి బైట్లలో హద్దు పెట్టండి. డర్టీ బైట్స్ 67108864, అంటే 64 ఎంబీ. డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్, అంటే డ్రైవ్‌లోకి దించడం మొదలయ్యే హద్దు, 16777216, అంటే 16 ఎంబీ. సిస్‌సీటీఎల్ అనే లినక్స్ సెట్టింగుల ఫైలులో రాసి పెడితే రీస్టార్ట్ అయినా పోవు. బైట్స్ పెట్టగానే రేషియో దానంతటదే రద్దవుతుంది. ఇక బార్ మొదటినుంచీ నిదానంగానే కదులుతుంది, కానీ నిజం చెబుతుంది. నిండాక మిగిలేది ఆరేడు సెకన్ల పని. ఎడిటింగ్‌లో రెండర్ మందగించినట్టు అనిపిస్తే 256 ఎంబీ దాకా వెళ్లండి, అంతకు మించొద్దు. ఇజెక్ట్ నొక్కి, తీయొచ్చు అన్న మాట వచ్చాకే డ్రైవ్ మీ చేత్తో తీసి ఇవ్వండి, వాళ్ల చేత తీయించకండి.

మ్యాక్స్ సెక్టార్స్ సంగతి చిన్నది. ఒక్క విడతలో డ్రైవ్‌కి ఎంత పంపాలో అది చెబుతుంది. లినక్స్‌లో యూఎస్‌బీ 2కి 240 సెక్టార్లు, అంటే 120 కేబీ. యూఎస్‌బీ 3కి 2,048, అంటే 1 ఎంబీ. అంతకు మించి కలిసొచ్చేది ఏమీ లేదు. పాత అడాప్టర్లు కొన్ని పెద్ద విడత వస్తే మధ్యలోనే డిస్‌కనెక్ట్ అయిపోతాయి. పాత అంకెకే వెళ్లిపోండి.

మెమరీ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. సొంత ర్యామ్ లేని చవక ఎస్‌ఎస్‌డీలు మన ర్యామ్‌లో కొంత అప్పు తీసుకుంటాయి. ఆ పద్ధతిని హోస్ట్ మెమరీ బఫర్ అంటారు. పద్ధతిలో తప్పు లేదు. లినక్స్ మామూలుగా 128 ఎంబీ మించి ఇవ్వదు. 2024లో విండోస్ పెద్ద అప్‌డేట్ ఒకటి వచ్చాక కొన్ని ఎస్‌ఎస్‌డీలకి ఒక్కసారిగా 200 ఎంబీ దొరికింది, ఆ మిషన్లు నీలి తెరతో పడిపోయాయి. చివరికి డ్రైవ్ ఫర్మ్‌వేర్, అంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్, మార్చాల్సి వచ్చింది. అడిగినంత ఇస్తే తమ ఫర్మ్‌వేర్ తట్టుకుంటుందో లేదో చూసుకోకుండానే తయారీదార్లు సరుకు బజారులోకి పంపించారు. సొంత ర్యామ్ ఉందో లేదో చాలా డబ్బాల మీద రాయరు, వేగం అంకె మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. కొనేవాడికి ఇది అన్యాయం.

ఇక మీరు చేసిన మూడో పని, ఐఓఎంఎంయూ ఆపేయడం. నాకు నిజంగా టెన్షన్ పెట్టింది అదే.

పరికరం ప్రాసెసర్‌ని అడగకుండా నేరుగా ర్యామ్‌లో చదవడం, రాయడం చేస్తే దాన్ని డీఎంఏ అంటారు. పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ర్యామ్‌లో కొంత చోటు (బఫర్) కేటాయించి, నీకు ఇంతవరకే అని చెబుతుంది. ఆ మాట పరికరం మీరకుండా కాపలా కాసేది ఐఓఎంఎంయూ. దాన్ని ఆపేస్తే, డీఎంఏ చేయగల పరికరానికి ర్యామ్ మొత్తం తెరిచిపెట్టినట్టే. మామూలు పెన్‌డ్రైవ్ తనంతట తాను ర్యామ్‌ని తాకలేదు, బోర్డు మీది కంట్రోలర్ దాని తరఫున ఆ పని చేస్తుంది. కానీ థండర్‌బోల్ట్, యూఎస్‌బీ 4 పోర్టులు అలా కాదు. పెద్ద కెమెరాల్లో వచ్చే సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డు కూడా, డీఎంఏకి వీలిచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి మీదే నడుస్తుంది. రీడర్‌ని బట్టి అది నేరుగా మీ మెమరీ గుమ్మం దాకా రాగలదు.

కాపలా ఉన్నా సరిపోని సందర్భాలున్నాయి. 2019లో కేంబ్రిడ్జ్, రైస్ యూనివర్సిటీల పరిశోధకులు థండర్‌క్లాప్ పేరుతో ఇది చూపించారు. ఐఓఎంఎంయూ కాపలా కాసేది పేజీల లెక్కన, మామూలుగా 4 కేబీ. డ్రైవర్ చిన్న బఫర్‌ని వేరే డేటా ఉన్న పేజీలోనే కేటాయిస్తే, ఆ పక్క డేటా కూడా పరికరానికి కనిపిస్తుంది. బఫర్ కేటాయింపులో అశ్రద్ధ ఇంత దూరం తెస్తుంది. అందుకే ఆ తర్వాతి లినక్స్ కెర్నెళ్లు (సిస్టమ్ మూల భాగం), బయట తగిలించిన పరికరానికి ఇలాంటి చిన్న బఫర్లు ఇవ్వాల్సి వస్తే డేటాని విడి పేజీలోకి నకలు తీసి ఇస్తున్నాయి. ఆ నకలుకి పట్టే సమయం మీ పెన్‌డ్రైవ్ ముందు లెక్కలోకే రాదు. మీరు ఈ రక్షణంతా తీసేశారు, కాపీ ఒక్క సెకను కూడా తగ్గలేదు.

మన సరిహద్దు ఊళ్లలో స్టూడియో అంటే ఫోటోలొక్కటే కాదు. అదే మిషన్‌లో ఆధార్ స్కాన్‌లు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఇటు ఒడియా ఫారాలు, అటు తెలుగు ఫారాలు. ముహూర్తాల సీజన్‌లో ఎవరెవరో కెమెరామెన్‌లు తెచ్చిన కార్డులు, రీడర్లు రోజంతా దానికే తగులుతాయి. ఎవరి రీడర్ ఎక్కడ తిరిగొచ్చిందో మీకు తెలియదు.

మిషన్ ఆన్ కాగానే లినక్స్‌ని లేపే గ్రబ్ ఫైలులో మీరు చేర్చిన ఐఓఎంఎంయూ ఆఫ్ మాట ఇవాళే తీసేయండి. అప్‌డేట్ గ్రబ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. బయాస్‌లో వీటీ-డీ, లేదా ఐఓఎంఎంయూ అన్న పేరుతో ఉండేది, ఎనేబుల్ అయి ఉండాలి. తర్వాత సిస్ కింద కెర్నెల్‌లో ఐఓఎంఎంయూ గ్రూప్స్ ఫోల్డర్ తెరవండి. అందులో అంకెల పేర్లతో ఫోల్డర్లు కనిపించాలి. ఖాళీగా ఉందంటే కాపలా ఇంకా లేనట్టే. అవి కనిపించేదాకా బయటివాళ్ల కార్డు గానీ రీడర్ గానీ ఆ మిషన్‌కి తగిలించకండి.