లండన్‌లో క్రిస్మస్‌కి పెట్టే పెర్ఫ్యూమ్ పాప్-అప్‌లకి వెళ్ళొచ్చా? ఏమీ కొనకపోతే బాగోదా?

డిసెంబర్‌లో అమ్మానాన్నలతో లండన్ వస్తున్నామని, ఖరీదైన పెర్ఫ్యూమ్ కంపెనీలు పండగ సీజన్‌లో పెట్టే పాప్-అప్‌లకి వెళ్ళాలా వద్దా అని అడిగారు. వెళ్ళండి. కొనకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. అసలు నా సలహా అదే, వెళ్ళిన రోజు కొనకండి. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే 120 పౌండ్లు మిగిలేవి.

ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది కోవెంట్ గార్డెన్‌లో ఒక పాప్-అప్‌కి వెళ్ళాను. ఏ కంపెనీదో వద్దులెండి. పాప్-అప్ అంటే కొన్నాళ్ళు ఉంచి ఎత్తేసే దుకాణం. మన ఎగ్జిబిషన్ స్టాల్ లాంటిదే, కాకపోతే పట్టుచీర కట్టుకుని నగలు పెట్టుకుని ఉంటుంది. లోపలంతా బంగారు రంగు నక్షత్రాలు, దూది మంచు, ఫొటోలు దిగడానికి మనిషెత్తు సీసా. రాగానే చేతిలో హాట్ చాక్లెట్ పెట్టారు. ఒకమ్మాయి నవ్వుతూ నా మణికట్టు మీద స్ప్రే కొట్టింది. అప్పుడే నారింజ తొక్క ఒలిచినట్టు గుప్పుమంది. పక్కన ఒకతను సీసాల మీద ఉచితంగా పేర్లు చెక్కుతున్నాడు. ఇంకేం, మా ఆయన పేరు చెక్కించి, డబ్బు కట్టేసి, రిబ్బను సంచీతో బయటపడ్డాను. అంతా కలిపి పావుగంట.

రాత్రికి ఇల్లు చేరేసరికి నా చెయ్యి పాత బీరువా తలుపు తీసినట్టు ఉంది. అచ్చం కలరా ఉండల వాసన. మా ఆయన ఒకసారి కొట్టుకుని చూసి "బాగానే ఉంది, ఆఫీసుకి మాత్రం వద్దులే" అన్నారు. వెనక్కి ఇచ్చేద్దామని వెళ్తే, పేరు చెక్కించినవి తీసుకోం అన్నారు. ఉచితంగా చెక్కుతుంటే మురిసిపోయాను కానీ, అక్కడితో వాపసు దారి మూసుకుపోయిందని తట్టలేదు. ఆ సీసా ఇప్పటికీ మా బాత్‌రూమ్ కిటికీలో ఉంది, ఆయన పేరుతో సహా.

తప్పు పూర్తిగా వాళ్ళదని కూడా అనలేను. పెర్ఫ్యూమ్ తీరే అంత. నిమ్మ, నారింజ లాంటి తేలికైన వాసనలు ముందు ఎగిరిపోతాయి. పది, పదిహేను నిమిషాల తర్వాత పూల వాసనలు తేలతాయి. చివరికి చర్మం మీద గంటల తరబడి మిగిలేది చెక్క, సాంబ్రాణి, వెనీలా, కస్తూరి బాపతు. వీటినే టాప్, హార్ట్, బేస్ నోట్స్ అంటారు. పాప్-అప్‌లో మనం నిలబడేదే పావుగంట కాబట్టి, పోయే వాసన చూసి ఉండే వాసనకి డబ్బు కట్టి వస్తాం. అందుకని ఒక చేతికి ఒకటి, రెండో చేతికి ఒకటి, అంతే కొట్టించుకోండి. కోటు మీద వద్దు, చర్మం మీదే. మిగతావి కాగితం పట్టీల మీద చూడండి, ఏది ఏదో పెన్నుతో రాసుకోండి, లేకపోతే పది నిమిషాల్లో అన్నీ కలిసిపోతాయి. సాయంత్రం దాకా తిరిగి, భోజనం చేశాక మళ్ళీ చెయ్యి వాసన చూసుకోండి. అప్పటికీ నచ్చితే మర్నాడు కొనుక్కోవచ్చు. కౌంటర్ల మీద కాఫీ గింజల గిన్నె పెడతారు, ముక్కుకి విశ్రాంతి అని. దాంతో పెద్ద ఉపయోగం లేదు, కాసేపు బయట గాలి పీల్చుకుని రండి, చాలు.

రెండోసారి మా అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్ళాను. మా అమ్మది రాజమండ్రి పక్కన కడియం, నర్సరీల ఊరు. పూల సంగతి ఆవిడకి చెప్పక్కర్లేదు. అక్కడమ్మాయి ఒక పట్టీ ఇచ్చి "జాస్మిన్" అంది. నేను "మల్లె అట అమ్మా" అన్నాను. అమ్మ పట్టీ ముక్కు దగ్గర పెట్టుకుని, దూరం జరిపి, మళ్ళీ దగ్గర పెట్టుకుని, "ఇదేం మల్లె? జాజి కదే ఇది" అంది. ఆ అమ్మాయికి చెబితే తన కార్డు తీసి చదివింది: జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్. ఫోన్‌లో వెతికితే అమ్మ మాటే నిజం. గ్రాండిఫ్లోరమ్ అంటే మన జాజి, మల్లె అయితే సాంబాక్. ఇంగ్లీషులో రెంటికీ కలిపి జాస్మిన్ అనేసి ఊరుకుంటారు. ఫ్రాన్స్‌లో గ్రాస్ అనే ఊరు ఈ జాజికి ప్రసిద్ధి. 1921లో వచ్చిన షనెల్ నంబర్ 5 అనే పేరున్న పెర్ఫ్యూమ్‌లో ఉన్నది కూడా ఈ గ్రాస్ జాజే. అక్కడ పూలు పొద్దున్నే కోస్తారని ఆ అమ్మాయి గొప్పగా చెబితే, నేను తెలుగులో చెప్పాను. "ఎండెక్కాక కోస్తే ఏముంటుంది మొహం" అంది అమ్మ. అనువదించలేదు.

బయటికొచ్చాక ఇంకో మాట చెప్పాను. కోవెంట్ గార్డెన్ 1974 దాకా కూరగాయలు, పళ్ళు, పూల టోకు మార్కెట్. తర్వాత మార్కెట్టుని లండన్‌లోనే నైన్ ఎల్మ్స్ అనే చోటికి తరలించారు. పూల మార్కెట్ షెడ్డులో ఇప్పుడు లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది. "అయితే పూలు పంపించేసి వాసన అమ్ముకుంటున్నారన్నమాట" అంది.

పెద్దవాళ్ళతో వస్తున్నారు కాబట్టి కొన్ని సంగతులు. కోవెంట్ గార్డెన్ స్టేషన్‌లో దిగకండి. లిఫ్టుల దగ్గర జనం ఉంటారు, మెట్లంటారా, 193, అదీ గుండ్రంగా తిరిగే మెట్లు. లెస్టర్ స్క్వేర్‌లో దిగితే ఎస్కలేటర్ ఉంది, అక్కణ్ణుంచి నడక ఐదు నిమిషాలే. పియాజాలో, అంటే అక్కడి మార్కెట్ చుట్టూ ఉన్న ఖాళీ స్థలంలో, రాళ్ళు పరిచిన నేల, అమ్మగారికి షూస్ వేయించండి. చాలా పాప్-అప్‌లకి ఆన్‌లైన్‌లో ఉచితంగా స్లాట్ దొరుకుతుంది. మామూలు రోజున పొద్దున్నే వెళ్తే క్యూ ఉండదు, శని ఆదివారాల సాయంత్రాలు మాత్రం తిరునాళ్ళే. 25న ట్యూబ్ (ఇక్కడి మెట్రో రైళ్ళు), బస్సులు ఉండవు, దుకాణాలూ మూసేస్తారు, ఆ రోజు ప్లాన్ పెట్టుకోకండి. 26 నుంచి క్రిస్మస్ గిఫ్ట్ సెట్ల ధరలు చాలా దుకాణాల్లో తగ్గుతాయి. నాకైతే కొనడానికి అదే మంచి సమయం.

టూరిస్టులకి ట్యాక్స్ వాపసు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 2021 జనవరి నుంచి లండన్ షాపుల్లో ఆ పద్ధతి తీసేశారు. పారిస్ కూడా వెళ్తున్నారా? అక్కడ ఒక షాపులో 100 యూరోలు దాటి కొంటే ఇప్పటికీ ఇస్తారు, పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. శాంపిల్స్ అడగడానికి మొహమాటపడకండి, ఉంటే ఇస్తారు.

అమ్మ ఆరోజు ఏమీ కొననివ్వలేదు. ఆ జాజి పట్టీ మాత్రం పర్సులో వేసుకుని ఇండియా తీసుకెళ్ళి, బీరువాలో చీరల మధ్య పెట్టుకుంది. పది రోజుల తర్వాత ఫోన్‌లో ఇంకా వాసన వస్తోందా అని అడిగాను. "జాజి పోయిందే, ఇప్పుడు గంధం వస్తోంది" అంది.