ఆ ఫొటోలోది జీఎంసీ కాదు, షెవర్లే

ఎస్‌సీఆర్-299 అనే సైనిక రేడియో బండి ఫొటో పెట్టి, దాని చిన్న మోడల్ చేద్దామని జీఎంసీ లారీ కిట్ కొనబోతున్నానన్నారు కదా, కాస్త ఆగండి. మీరు పెట్టిన ఫొటోలో ఇరుసులు చూడండి: ముందొకటి, వెనకొకటి. రెండో ప్రపంచ యుద్ధం నాటి జీఎంసీ రెండున్నర టన్నుల లారీకైతే వెనక రెండుంటాయి. మీది అమెరికా సైన్యం వాడిన షెవర్లే ఒకటిన్నర టన్నుల కె-51, మూసిన రేకు బాడీ. అదే రేడియోను హెచ్‌ఓ-17 అనే పెట్టెగదిలో బిగించి జీఎంసీ మీదకెక్కిస్తే ఎస్‌సీఆర్-399. అందరూ తికమకపడేది ఇక్కడే.

బండి వెనక తగిలించే ట్రైలర్ మాత్రం మానేయొద్దండీ, అది లేకపోతే బండి ఉత్త వ్యానే. లోపలి బీసీ-610 ట్రాన్స్‌మిటర్ మోర్స్‌లో (చుక్కలు, గీతల సంకేతాల్లో) దాదాపు 400 వాట్లు పంపేది. దానికి కరెంటు వెనకున్న కె-52 ట్రైలర్‌లోని పెట్రోల్ జనరేటర్ నుంచే. ఆ కేబుల్ కూడా సన్నటి వైరుతో చూపించండి, భలే ఉంటుంది.