జూన్‌లో మిరిస్స వద్దు

చిన్నీ,

జూన్‌లో నీ స్నేహితురాళ్ళతో కలిసి శ్రీలంక వెళ్తున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నీ జీతం డబ్బులతో, నీ అంతట నువ్వే ప్లాన్ వేసుకుని వెళ్తున్నావంటే ఎంత సంతోషం వేసిందో. మీ మామయ్యకి చెప్పాను, పక్కింటావిడకీ చెప్పాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. మీ నాన్న చదివిన ప్లాన్‌లో నాలుగు రోజులు మిరిస్స బీచ్ అని ఉంది. జూన్‌లో మిరిస్సకి ఎవరు వెళ్ళమన్నారే నిన్ను?

ఆ దేశం చిన్నదే కానీ రెండు వైపులా రెండు వాతావరణాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాల కాలం. గాలంతా మిరిస్స, ఉనవటున, హిక్కడువ ఉన్న దక్షిణ, పడమటి తీరాల మీదే ఉంటుంది. సముద్రం మహా పోటు మీదుంటుంది. సరిగ్గా అప్పుడే తూర్పు తీరం ప్రశాంతంగా ఉంటుంది. ట్రింకోమలీ పక్కన నిలావెలి, ఇంకాస్త దక్షిణాన పాసికుడా. పాసికుడాలో చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దాటవు. తిమింగలాలు చూడాలనే మిరిస్స పెట్టుకున్నావేమో, అక్కడ వాటి సీజన్ నవంబర్ నుంచి ఏప్రిల్. నువ్వు వెళ్ళే రోజుల్లో అవి కనిపించేది ట్రింకోమలీ వైపే. కాబట్టి ఆ నాలుగు రోజులూ అటు మార్చు. హోటల్ డబ్బులు కొంత పోతే పోనీ, నేనిస్తాను.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. మేం కొలంబోలో ఉన్న రోజుల్లో, మీ బావ ఇంకా చంటిపిల్లాడు, ఒక ఆదివారం హిక్కడువ వెళ్ళాం. అదీ జూనే. గట్టు మీద ఎర్ర జెండా ఉంది. వల బాగు చేసుకుంటున్న ముసలాయన ఒకాయన చెయ్యి అడ్డంగా ఊపి వద్దన్నాడు. మీ మామయ్య వినలేదు. చిన్నప్పటి నుంచీ ఈత వచ్చిన మనిషి, ఆ ధైర్యం. పైగా ఆయనకి ఒక చోట నీళ్ళు బాగా నెమ్మదిగా కనిపించాయి. అటూ ఇటూ అలలు తెల్లగా విరుగుతుంటే, మధ్యలో కొంత మేర అలే లేదు, నీళ్ళు నున్నగా, కొంచెం నల్లగా ఉన్నాయి. "అదిగో, అక్కడ బాగుంది" అని అందులోకే దిగారు.

చిన్నీ, ఆ నున్నటి చోటే ప్రమాదం. అలలు గట్టుకి మోసుకొచ్చిన నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి వెళ్ళాలి కదా. లోతుగా ఉన్న సందు చూసుకుని అటు నుంచే పోతాయి. లోతు వల్ల అక్కడ అల విరగదు, అందుకే తెలియని వాళ్ళకి అదే మంచి చోటనిపిస్తుంది. దిగిన కాసేపటికే ఆయన తల చిన్నదైపోవడం చూశాను. గట్టు వైపు తిరిగి బలమంతా పెట్టి ఈదుతున్నారు, అంగుళం కూడా ముందుకి రావడం లేదు. నేను పిల్లాణ్ణి చంకన వేసుకుని నీళ్ళ అంచున నిలబడి అరుస్తున్నాను. ఆ ముసలాయన వల వదిలేసి పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ పక్కకి, పక్కకి అని చూపిస్తున్నాడు. మీ మామయ్యకి అర్థం కాలేదు. తిన్నగా గట్టుకే ఈదుతూ అలిసిపోయారు. చివరికి ఒక కుర్రాడు సర్ఫ్ బోర్డు మీద పడుకుని చేతులతో తోసుకుంటూ వెళ్ళి, దాన్ని పట్టుకోమని, తీరం వెంబడి పక్కకి తీసుకెళ్ళి, అలలు విరిగే చోటు నుంచి బయటికి తెచ్చాడు.

ఒడ్డున పడుకోబెట్టాక ఆ ముసలాయన ఇసుకలో వేలితో గీసి చూపించాడు. ఆ ప్రవాహం కిందికి లాగదు, లోపలికి లాగుతుంది. దానికి ఎదురీదితే ఎంత గజ ఈతగాడైనా అలిసి మునుగుతాడు. అందులో పడితే ముందు కంగారు మాని తేలుతూ ఉండాలి, చెయ్యి పైకెత్తి ఊపాలి. ఓపికుంటే గట్టుకి సమాంతరంగా పక్కకి ఈదాలి, లాగడం ఆగాక అలలు విరిగే వైపు నుంచి గట్టుకి రావాలి. ఓపిక లేకపోతే ఊరికే తేలాలి, అలలు దాటాక ఆ లాగుడు దానంతటదే తగ్గుతుంది. ఇది మీ ముగ్గురూ నోటికి వచ్చేలా నేర్చుకోండి. తూర్పు తీరం ప్రశాంతమే అన్నాను కానీ అక్కడా సముద్రం సముద్రమే. ఎర్ర జెండా ఉంటే పాదాలు కూడా తడుపుకోవద్దు. ఎక్కడ దిగాలో అక్కడి జాలర్లనో లైఫ్‌గార్డునో అడిగి దిగండి.

మేం వచ్చేశాక 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. హిక్కడువ పక్కనే పెరలియ దగ్గర ఒక రైలు రైలే కొట్టుకుపోయింది, అందులోనే వెయ్యి మందికి పైగా పోయారు. ఆ ముసలాయన, ఆ కుర్రాడు ఏమయ్యారో అని మీ మామయ్య ఇప్పటికీ అంటుంటారు. పేర్లు కూడా అడగలేదు మేం. భూమి కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి వెళ్ళిపోయినా, ఫోటోలు తీస్తూ నిలబడకుండా ఎత్తుకి పరిగెత్తండి.

మిగతావి గబగబా చెబుతాను. ఈటీఏ, అంటే ఆ దేశంలోకి వెళ్ళడానికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, వాళ్ళ ప్రభుత్వ అధికారిక వెబ్‌సైట్‌లోనే తీసుకో, అచ్చం అలాగే ఉండే నకిలీవి ఉంటాయి. ఆటో ఎక్కితే మీటర్ అడుగు, లేదా పిక్‌మీ యాప్‌లో పిలుచుకో. సీసా నీళ్ళే తాగండి. పౌర్ణమిని పోయ అంటారు, ఆ రోజు సెలవు, మందు అమ్మరు. జూన్ పౌర్ణమి పొసొన్. అశోకుడి కొడుకు మహిందుడు మిహింతలెకి వచ్చిన రోజని అనురాధపుర అంతా తెల్లబట్టల జనంతో నిండిపోతుంది. దారి పొడుగునా దన్సల్ పెట్టి వచ్చిన వాళ్ళందరికీ ఉచితంగా అన్నం పెడతారు. మొహమాటపడకుండా తిను. పిల్లాణ్ణి ఎత్తుకున్నానని వరసలో నన్ను ముందుకి పంపిన ఆడవాళ్ళని నేను మర్చిపోలేను.

బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ దిగొద్దు. అది వాళ్ళకి చాలా పెద్ద తప్పు. మీలో ఒకమ్మాయికి చేతి మీద బుద్ధుడి టాటూ ఉందట కదా, పొడుగు చేతుల చొక్కా వేసుకోమను. 2014లో అలాంటి టాటూ ఉందని ఒక బ్రిటిష్ ఆవిణ్ణి విమానాశ్రయంలోనే పట్టుకుని, కొన్ని రోజులు నిర్బంధంలో ఉంచి, దేశం నుంచి పంపేశారు. గుళ్ళలో మోకాళ్ళు, భుజాలు కప్పుకోవాలి. చెప్పులు వదిలాక ఎండలో రాళ్ళు కాలిపోతాయి, సాక్సులు పెట్టుకో.

సిగిరియ రాతి కోట పొద్దున్నే ఎక్కండి. పాస్‌పోర్ట్ పట్టుకెళ్తే సార్క్ దేశాల వాళ్ళకి, అంటే మనకీ, టికెట్ తక్కువ. ఆ రాతి మీద పెద్ద తేనెటీగల పట్లు ఉంటాయి, అరుపులూ కేకలూ వద్దు. అక్కడి నుంచి హబరణ మీదుగా ట్రింకోమలీ వెళ్ళే దారిలో అడవి ఏనుగులు రోడ్డు మీదికొస్తాయి. చీకటి పడకముందే చేరిపోండి. ఏనుగు కనిపిస్తే కారు దిగడం, అరటిపండు అందించడం లాంటివి చేశావని తెలిస్తే ఊరుకోను.

క్యాండీ నుంచి ఎల్ల రైలు నీకు ఇష్టమని తెలుసు. వానలకి కొండచరియలు పడితే ఆ దారి మూసేస్తారు, బయలుదేరే ముందు కనుక్కో. ఎక్కాక తలుపు పట్టుకుని బయటికి వేలాడుతూ ఫోటోలు వద్దు తల్లీ. అలా పడి ప్రాణాలు పోగొట్టుకున్న పర్యాటకులు ఉన్నారు. కిటికీ దగ్గర కూర్చుని చూసినా తేయాకు తోటలు అంతే అందంగా ఉంటాయి.

దోమల గురించి తేలిగ్గా తీసుకోకు. మలేరియా పోయిందని 2016లోనే ప్రకటించారు, డెంగ్యూ మాత్రం ఉంది, ఆ దోమ పగలే కుడుతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఇంకేదీ వేసుకోకుండా రక్తపరీక్ష చేయించుకో. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ అసలు ముట్టుకోవద్దు, డెంగ్యూ అయితే రక్తస్రావం కావచ్చు. కుక్క గానీ కోతి గానీ కరిచినా గీరినా పావుగంట సేపు సబ్బుతో కడిగి, ఆ రోజే టీకాకి వెళ్ళు. సిగ్గుపడి దాచుకోవద్దు.

అంబులెన్స్‌కి 1990, అది ఉచితం. పోలీసులకి 119, టూరిస్ట్ పోలీసులకి 1912. ముగ్గురి ఫోన్లలోనూ పెట్టుకోండి, ఒక కాగితం మీద కూడా రాసుకోండి.

ట్రింకోమలీలో కొండ కొమ్మున కోనేశ్వర స్వామి గుడి ఉంది. అక్కడ తమిళం వాళ్ళే ఎక్కువ, నీకొచ్చిన కొంచెం తమిళం పనికొస్తుంది. మా ఇద్దరి పేరునా అర్చన చేయించు. ప్లాన్ మార్చాక కొత్తది నాకు వాట్సాప్‌లో పంపు. సముద్రంలో దిగే రోజు పొద్దున ఒక మెసేజ్, బయటికి వచ్చాక ఒక మెసేజ్ పెట్టు. టెన్షన్ పడతానని తిట్టుకున్నా సరే, పెట్టు.

మీ అత్త