రెండు కిలోల కుక్కకి ప్లేటు వేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

సోఫా మీంచి దూకి ముందు కాలు విరగ్గొట్టుకున్న రెండు కిలోల పామెరేనియన్ వచ్చిందనీ, కట్టు కట్టాలా, ఎముకకి స్క్రూలతో బిగించే లోహపు ప్లేటు వెయ్యాలా తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. ప్లేటే వెయ్యి. ప్రాక్టీసు కొత్తలో నేను ఇలాంటి దానికే కట్టు కట్టి పంపాను. రెండు నెలలయ్యాక ఎక్స్-రే తీస్తే ఎముక అతకలేదు సరికదా, విరిగిన కొసలు రెండూ చెక్కిన పెన్సిలు ములుకుల్లా సన్నబడిపోయాయి. ఈ బుల్లి జాతుల్లో రేడియస్ అనే ముందు కాలి ఎముక కింది భాగానికి రక్తం తక్కువ అందుతుంది. చుట్టూ కండ కూడా ఉండదు, ఎముక మీద తోలే. ఎముక లోపలికి పిన్ను, అంటే సన్నటి లోహపు కడ్డీ, దూర్చే ఆలోచన కూడా వద్దు. లోపలి సందు ఇరుకు, కీలు దెబ్బతింటుంది, పైగా ఎముక మెలి తిరగడాన్ని పిన్ను ఆపలేదు.

అసలు పని కత్తి పట్టకముందే ఉంది. బాగున్న కాలికి కూడా ఎక్స్-రే తీసి కొలతలు రాసుకో. స్క్రూ మందం ఎముక వెడల్పులో 40 శాతం దాటకూడదు, మూడో వంతు లోపు ఉంటే నాకు నిద్ర పడుతుంది. 5 మి.మీ. ఎముకలో 2 మి.మీ. స్క్రూ అంటే అప్పుడే హద్దు మీద ఉన్నట్టు. అందుకని 1.5 మి.మీ. స్క్రూలు, 1.1 మి.మీ. డ్రిల్ బిట్ సిద్ధంగా పెట్టుకో. బిట్లు రెండు మూడు ఉంచు, టప్పున విరుగుతాయి. కింది ముక్క మరీ పొట్టిగా ఉంటే టీ ఆకారం ప్లేటు తీసుకో, రెండు స్క్రూలు పక్కపక్కనే పడతాయి.

డ్రిల్ చేసేటప్పుడు బిట్ మీద సెలైన్ చుక్కలు పడుతూనే ఉండాలి, వేడికి ఎముక చస్తుంది. రంధ్రం తప్పిందని పక్కనే ఇంకోటి వెయ్యకు. నేను వేశాను. చిటుక్కుమని సన్నగా వినిపించింది, రెండు రంధ్రాల మధ్య గీతలా పగిలింది. స్క్రూ బిగించేటప్పుడు రెండు వేళ్ల బలం చాలు. ఎముక పై పొరని, దాన్ని పట్టుకున్న కణజాలాన్ని వీలైనంత కదపకు. ఎముకకి రక్తం అక్కణ్నుంచే రావాలి. గట్టిగా ఉంటుందని లావు ప్లేటు వేస్తే బరువంతా అదే మోసి, కింద ఎముక పలచబడుతుంది.

మత్తు సంగతి నీకు తెలిసిందే. ఒళ్లు చల్లబడనీకు. చిన్న కుక్కపిల్లయితే ఎక్కువసేపు పస్తు పెట్టకు, షుగర్ పడిపోతుంది. (రేపు ఎవరైనా కుందేలుని తెస్తే అసలు పస్తే వద్దు. దానికి వాంతి రాదు, పేగులు మాత్రం ఆగిపోతాయి.)

ఇక ఇంటివాళ్లు. నాలుగో రోజుకల్లా కుక్క గెంతుతుంది, 'నయమైపోయింది డాక్టర్ గారూ' అంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు పంజరంలోనే ఉండాలని, సోఫా ఎక్కనివ్వొద్దని ముందే కాగితం మీద రాసివ్వు. మనుషుల నొప్పి మాత్రలు వెయ్యొద్దనీ అందులోనే రాయి.

ఆపరేషన్‌కి ముందు ఆ ఎక్స్-రే నాకు పంపు. పక్కన స్కేలు పెట్టి తియ్యి, అదీ టేబుల్ మీద కాదు, ఎముక ఉన్న ఎత్తులో.

ఇట్లు,
మీ మాస్టారు